గింజలక్క సాక్షి సంతకం

ఆమెను అందరూ గింజలక్క అనే పిలిచేవారు. జీతాల పట్టీలో ఉన్న అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒకసారి పోస్టుమాన్ ఆ పేరు మీద ఉత్తరం తెస్తే, పక్క బల్ల దగ్గర కూర్చునే నేనే "అలాంటివాళ్లెవరూ ఇక్కడ లేరు" అని వెనక్కి పంపేశాను. ఆ సంగతి తెలిశాక ఏడాదిపాటు నన్ను ఏడిపించింది. "తమ్ముడూ, నేనివాళ ఉన్నానా లేనా, కాస్త చూసి చెప్పు" అనేది రోజూ, సంచీ బల్ల మీద పెడుతూ.

మేం పనిచేసేది విత్తనాల బ్యాంకులో. ఊరి చివర, లారీల షెడ్ల వెనక, కిటికీలు తక్కువగా ఉన్న పొడవాటి భవనం. ముందు రెండు గదులూ ఆఫీసు, మధ్యలో మా పరీక్షల గది, వెనక ఇనప తలుపు వేసిన చలిగది. రైతులు ఇచ్చిన పాత రకాల గింజలను బాగా ఆరబెట్టి, వెండిరంగు రేకు పొట్లాల్లో పోసి, గాలి చొరకుండా అంచు అతికించి ఆ చలిగదిలో దాచేవాళ్లం. అలా ఉంచితే దశాబ్దాలైనా గింజ చావదు. గింజలో తేమ ఎంతుందో కొలవడం నా పని. పదేళ్లకో పన్నెండేళ్లకో ఒక్కో పొట్లం తెప్పించి, గింజ బతికుందో లేదో మొలకెత్తించి చూడడం ఆమె పని.

గాజు పళ్లెంలో తడి కాగితం పరిచి, సన్న చిమటాతో వరుసకు పది చొప్పున వంద గింజలు పేర్చేది. నోరు ఒకచోట, చెయ్యి ఒకచోట. ఇంట్లో మొగుడి సంగతులు చెబుతూనే పేర్చేది గానీ, ఎన్నడూ తొంభై తొమ్మిది కాలేదు, నూటొకటి కాలేదు. ఏడో రోజు మొలకలు లెక్కపెట్టేది. మొలవని గింజను గోటితో నొక్కి చూసి, అది మెత్తబడిపోయి ఉంటే "పోయింది" అనేది, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా.

కొండమీది ఊళ్లో పుట్టి, ఒక టైలరును పెళ్లాడి పట్నం వచ్చింది. మొదట్లో గింజలు చెరిగి రాళ్లు ఏరే కూలిపనికి కుదిరింది. ఆ చేతి వాటం చూసి అప్పటి అధికారి పరీక్షల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడే ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఒక్క కూతురు, నర్సు.

ఈ కథకు పన్నెండేళ్ల ముందు మా బ్యాంకు, సముద్రం అవతలి ఒక పెద్ద విత్తన సంస్థతో చేతులు కలిపింది. 'భాగస్వామ్యం' అనే మాట ఆ రోజుల్లో మా గోడల మీద, ఫైళ్ల మీద, చివరకు టీ కప్పుల మీద కూడా ఉండేది. వాళ్లు చలిగదికి యంత్రాలిస్తారు. మేం ఊళ్లు తిరిగి గింజలు తెస్తాం. సగం ఇక్కడ, సగం అక్కడ దాస్తాం. ఆ గింజల వల్ల ఎప్పుడైనా లాభం వస్తే, గింజ ఇచ్చిన ఊరికి న్యాయమైన వాటా అందుతుంది. వినడానికి బాగానే ఉంది. మేమందరం నమ్మాం.

ఊళ్లవాళ్లతో వాళ్ల మాటలో మాట్లాడే మనిషి కావాలని, మా అధికారి గింజలక్కను జీపెక్కించుకు వెళ్లాడు. ఆయన్ను మేం పెద్దసారు అనేవాళ్లం. మొదట వెళ్లిన ఊరు ఆమె పుట్టిందే. అక్కడ చేదుజొన్న అని ఒక రకం ఉండేది. కంకి నల్లగా, గింజ వగరుగా ఉంటుంది, పిట్ట కూడా వాలదు. దానికి ఇంకో గుణం ఉంది. జొన్నచేలకు ఒక కలుపు శత్రువు. పైకి చూస్తే జానెడు మొక్క, ముద్దొచ్చే ఊదా పువ్వులు. నేల కింద మాత్రం జొన్న వేరులోకి తన వేరు దించి రసం తాగేస్తుంది. పువ్వు కనబడిందంటే చేను అయిపోయినట్టే. చేదుజొన్న వేరును మాత్రం అది పట్టలేదు.

ఆ రోజు ఊళ్లో మొదటి వేలిముద్ర గింజలక్క సొంత అక్కది. పెద్దక్క అనేవాళ్లం ఆమెను. కాగితం వైపు అనుమానంగా చూసి అడిగిందట.

"ముద్ర దేనికే?"

"దాచుకోవడానికేనే అక్కా. నీ కుండలో ఉంటే పురుగు తింటుంది, ఎలుక తింటుంది. అక్కడ చల్లగా భద్రంగా ఉంటాయి. నీకెప్పుడు కావాలంటే అప్పుడు నీది నీకిస్తారు."

"నువ్వుంటావుగా అక్కడ?"

"నేనెక్కడికి పోతాను?"

ఆ కాగితం పద్నాలుగు పేజీలు, ఆఫీసుల భాషలో. గింజలక్క దాన్ని చదవలేదు. చదివినా సగం అర్థమయ్యేది కాదు. పెద్దసారు జీపులో చెప్పినదాన్నే ఊళ్లో చెప్పింది. చివరి పేజీలో వేలిముద్రల కింద సాక్షి సంతకానికి చోటుంటే, అక్కడ సంతకం పెట్టింది. ఆ ఏడాది ముప్పై ఆరు ఊళ్లు తిరిగారు. ముప్పై ఆరు కాగితాల మీదా సాక్షి ఆమే.

తర్వాత కొండమీది ఊళ్లోకి తెల్లజొన్న కొత్త విత్తనం వచ్చింది. దిగుబడి ఎక్కువ, నూర్చడం తేలిక, వగరు లేదు. చేదుజొన్న గట్ల మీదికి, తర్వాత గట్ల మీద నుంచి ఇంటి దొడ్లోకి తగ్గిపోయింది. వరసగా రెండేళ్లు వాన లేకపోయేసరికి దొడ్లో ఉన్నదీ పోయింది. ఎవరూ దిగులుపడలేదు. బ్యాంకులో ఉందిగా.

ఆ మూడో ఏట వాన బాగా పడింది. వానతోపాటు ఊదా పువ్వులూ వచ్చాయి.

పెద్దక్క బస్సు దిగి నేరుగా మా పరీక్షల గదికి వచ్చింది. కొంగులో మూటగట్టిన ఎండు జొన్నమొక్కను బల్ల మీద పరిచింది. మూరెడు మొక్క, చుట్టూ ఆకు చుట్టుకుపోయి ఉంది. వేరును పట్టుకుని కలుపు ఇంకా వేలాడుతోంది. జొన్న ఎండిపోయింది గానీ కలుపు పువ్వు మాత్రం వాడలేదు.

"కింది చేలన్నీ ఇంతే. వచ్చే ఏడు పైచేలకీ ఎక్కుతుంది. మన చేదుజొన్న ఇప్పించవే, మళ్లీ మొదలుపెడతాం" అంది పెద్దక్క.

గింజలక్క మొహంలో ఆ రోజు కనబడిన గర్వం నాకింకా గుర్తుంది. "చూశావా తమ్ముడూ, ఇందుకే దాచింది" అంది నాతో. అప్పటికప్పుడే చీటీ రాసి చలిగది గుమస్తాకు పంపింది. అక్కకు టీ తెప్పించింది. వారం ఆగితే మొలక చూసి ఇస్తానని చెప్పి బస్సెక్కించి వచ్చింది.

పొట్లం మర్నాడు వచ్చింది. చలి వదిలేదాకా అలాగే ఉంచాలి గనక బల్ల మీద పెట్టాం. దానివైపు చూస్తూ ఆమె మాట్లాడడం మానేసింది. ఆమె మాట్లాడకపోతే మా గదిలో చలిగది యంత్రం మోత వినబడుతుంది. అది ఎప్పుడూ ఉండేదే, మేమే వినేవాళ్లం కాదు.

"కురచగా లేదూ?" అంది కాసేపటికి.

పొట్లం తెరవాలంటే అతుకు కింద కత్తిరిస్తాం. మళ్లీ మూయాలంటే ఆ కింద కొత్త అతుకు వేస్తాం. తెరిచిన ప్రతిసారీ పొట్లం వేలి మందాన తగ్గుతుంది. ఈ పొట్లం మొదట్లో జానన్నర పొడవు. ఇప్పుడు నా అరచేతిలో ఇమిడిపోయింది.

గింజలు పళ్లెంలో పోసి లెక్కపెట్టింది. నాలుగు వేలు ఉండాలి. మూడువందల పద్దెనిమిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఆమె రెండోసారి లెక్కపెట్టడం నేను చూడడం అదే మొదటిసారి.

వంద గింజలు తడి కాగితం మీద పేర్చింది. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు ఐదు గింజలు పగిలాయి. నాలుగో రోజు చాలావాటి మీద బూజు కమ్మింది. తెరిచినప్పుడల్లా బయటి తేమ తగిలి, లోపల గింజ చచ్చిపోయిందన్నమాట. రోజూ పొద్దున రాగానే సంచీ కూడా దించకుండా పళ్లెం మూత తీసి చూసేది. ఏడో రోజు చిమటా పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కింది. "పోయింది. పోయింది. పోయింది." ఎనభై తొమ్మిదిసార్లు అంది. మొలిచినవి పదకొండు.

పరీక్ష అయ్యాక మొలకలు పారేయాలి. ఆమె పారేయలేదు. టీ కప్పుల్లో మట్టి నింపి ఆ పదకొండూ నాటి కిటికీలో పెట్టింది. కప్పుల మీద 'భాగస్వామ్యం' అని ఉంది.

తర్వాత గుమస్తా దగ్గరికి వెళ్లి, తను సాక్షి సంతకం పెట్టిన ఇంకో ఊరి పొట్లం అడిగింది. అదీ కురచే. ఇంకొకటి అడిగింది. అది కాస్త పొడవుంది గానీ రెండు అతుకులు కనబడ్డాయి. నాలుగోది అడిగితే గుమస్తా, "నన్ను అడక్కు అక్కా, సారునడుగు. పంపమన్నవి పంపాను" అని తల దించుకున్నాడు.

పెద్దసారు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆమెను కూర్చోమన్నాడు. తేమ లెక్కలు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను గనక ప్రతి మాటా విన్నాను.

"తొమ్మిదిసార్లు పంపాం. మొదట భాగస్వామికి. వాళ్లు పరిశోధన కోసం ఇంకొందరికి ఇమ్మన్నారు, వాళ్లకి. అంతా పద్ధతి ప్రకారమే."

"ఊరివాళ్లనడగకుండానా సార్?"

"అడిగాంగా" అని సొరుగులోంచి కాగితం తీశాడు. ఏడో పేజీలో ఒక చోట వేలు పెట్టాడు. "భాగస్వామి తన అవసరం మేరకు మూడో పక్షానికి ఇవ్వవచ్చు అనుంది. చివరి పేజీలో మీ అక్క వేలిముద్ర. దానికింద సాక్షి ఎవరో చూడు."

ఆమె చూసింది.

"నీకు ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. ఈ బల్ల దగ్గర నీ అంత మనిషి మాకు దొరకదు" అన్నాడు పెద్దసారు, కాగితం మళ్లీ సొరుగులో పెడుతూ. మంచిమాటలాగే అన్నాడు.

అవతలి సంస్థ దగ్గర సగం ఉండాలిగా అని వాళ్లకు రాయించింది. జవాబు నెలకు వచ్చింది. కూతురు చదివి అర్థం చెప్పింది. యాభై గింజలు ఇస్తారు. కానీ ఊరివాళ్లు ఒక ఒప్పందం మీద ముద్రలు వేయాలి. ఆ గింజను వేరే ఎవరికీ, పక్క ఊరికి కూడా, ఇవ్వకూడదు. పంట ఎలా వచ్చిందో ఏటేటా వాళ్లకు తెలియజేయాలి. ఆ నమూనా నుంచి కలుపును తట్టుకునే రెండు కొత్త రకాలు తయారవుతున్నాయట. లాభం వచ్చినప్పుడు వాటా సంగతి పరిశీలిస్తారట. ఇంతవరకు రాలేదట.

"అమ్మా, ఇది చాలా మర్యాదగా రాశారు" అందట కూతురు, ఉత్తరం మడుస్తూ. "మా ఆసుపత్రిలో చెడ్డకబురు ఇలాగే చెప్తారు."

ఆ ఆదివారం గింజలక్క కొండమీది ఊరికి వెళ్లింది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. బస్సు మలుపు తిరిగినప్పుడు కింది చేలు కనబడ్డాయి. ఎంత దూరం చూసినా ఊదా పువ్వులే. తెలియనివాళ్లు చూస్తే ఎవరో తోట వేశారనుకుంటారు. ఆమె కిటికీ అద్దం మూసేసింది.

బడి వసారాలో అందరూ చేరారు. ఆమె ఏదీ దాచలేదు. గింజలెన్ని ఉన్నాయో, ఎన్ని బతికున్నాయో, ఎన్నిసార్లు పంపారో, అవతలివాళ్లు ఏం రాశారో, ఏడో పేజీలో ఏముందో వరసగా చెప్పింది.

చివరకు పెద్దక్క అంది: "మన గింజ మనకివ్వడానికి మనం ముద్ర వేయాలా?"

"అవునే అక్కా."

"పొరుగూరి వియ్యపురాలు గుప్పెడు గింజలడిగితే లేదనాలా?"

"అలాగే ఉంది అందులో."

"ఆ రోజు నాచేత ముద్ర వేయించినప్పుడు, నువ్వు ఆ కాగితం చదివావా?"

గింజలక్కకు అబద్ధం చెప్పడానికి అదే చివరి అవకాశం. సారు మోసం చేశాడని అన్నా అక్కడ నమ్మేవాళ్లే.

"చదవలేదు" అంది.

"కంచే చేను మేసిందే" అని పెద్దక్క లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట చెల్లెలిని ఇంటికి రమ్మని పిలవలేదు. మేం బస్సు వచ్చేదాకా బడి మెట్ల మీదే కూర్చున్నాం.

అయినా ఒక దారి మిగిలుంది. అది ఆమె ఇరవై ఆరేళ్లు చేసిన పనిలోనే ఉంది. నూటికి ఎనభై ఐదు కన్నా తక్కువ మొలిస్తే, ఆ రకాన్ని వెంటనే పొలంలో వేసి కొత్త గింజ తీయాలని నియమం. పరీక్ష నివేదిక మూడు ప్రతులు రాస్తాం. ఒకటి నేరుగా భాగస్వామికి పోతుంది. పదకొండు అని రాసి, నా చేత తేమ అంకె వేయించి, మూడు ప్రతులూ ఒకే రోజు పంపేసింది. ఇక దాన్ని ఎవరూ సొరుగులో పెట్టలేరు.

"ఎక్కడ వేస్తారు? మన పొలంలోనే వేయాలి" అన్నాడు పెద్దసారు.

"మన పొలంలో బోరెండి రెండేళ్లయింది సార్."

"చూద్దాం."

ఆ 'చూద్దాం' మూడు వారాలు సాగింది. రెండో పంట విత్తే అదను దాటిపోతోంది. నాలుగో సోమవారం పొద్దున మేం వెళ్లేసరికి చలిగది తలుపు ఎదురుగా పన్నెండుమంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో పెద్దక్క. నినాదాలు లేవు, అట్టలు లేవు. తలుపు తెరవడానికి గుమస్తా వస్తే జరిగి దారిచ్చారు. మళ్లీ కూర్చున్నారు. చెల్లెలివైపు పెద్దక్క ఒక్కసారి కూడా చూడలేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి పెద్దసారు సంతకం పెట్టాడు. మిగిలిన రెండువందల పద్దెనిమిది గింజలూ కొండమీది ఊళ్లోనే వేయాలి.

వేస్తే ఇరవై నాలుగు మొలిచాయి. కప్పుల్లోని పదకొండింటిలో తొమ్మిది నిలిచాయి. గింజలక్క వాటిని ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లి చేను గట్టున దించి వచ్చింది. పెద్దక్క వాటిని తీసుకుంది గానీ లోపలికి రమ్మనలేదు. నెల తిరిగేసరికి ముప్పై మూడు మొక్కల చుట్టూ కలుపు లేచింది. ఊళ్లో మిగతా జొన్నంతా చుట్టుకుపోయి మాడిపోతుంటే, ఊదా పువ్వుల మధ్య ఆ ముప్పై మూడూ నిటారుగా నిలబడ్డాయి. ఒక్కటీ వాడలేదు. పిట్టలు వాలలేదు. గింజ నల్లబడింది.

కోతకు పెద్దసారు మనుషులు ఇద్దరు జీపులో వచ్చారు. బ్యాంకు వాటా గింజ తీసుకెళ్లాలని. పెద్దక్క నియమం ప్రకారం నాలుగు వేల గింజలు కొలిచి ఇచ్చింది. ఈసారి కాగితం మీద ముద్ర వేయనంది. కొత్త కాగితం ఊళ్లోవాళ్ల మాటలో రాసి తెమ్మంది. వాళ్లు జీపు దగ్గరికి వెళ్లి ఫోన్ చేసి, మళ్లీ వచ్చి, ఊరికే తీసుకుపోయారు. వెళ్లేముందు ఒకడు చేనుకు నాలుగు మూలలా ఫొటోలు తీసుకున్నాడు. ఎందుకని అడిగితే జీపెక్కేశాడు.

మిగిలిన గింజ ఎక్కడ దాచిందని గింజలక్క అక్కనడిగింది. పండిందని సంతోషంతో అడిగింది, అంతే.

"అది నీకు చెప్పను" అంది పెద్దక్క.

కోపంగా అనలేదు. అదే చెల్లెలిని కుంగదీసింది. తర్వాత అక్క ఆమెను ఇంట్లోకి పిలిచింది, అన్నం పెట్టింది, మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. గింజ మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

ఆ నెలలోనే గింజలక్కను పరీక్షల గది నుంచి గేటుకు మార్చారు. వచ్చే పోయే బండ్ల నంబర్లు రాయాలి. 'ఆరోగ్య కారణాల వల్ల' అని ఉత్తర్వులో ఉంది. ఆమెకు జ్వరం రావడం కూడా మేం ఎరగం. ఆమె బల్ల దగ్గరికి కొత్తవాళ్లెవరూ రాలేదు. పరీక్షకు రావలసిన పొట్లాలు ఆ తర్వాత చలిగది దాటి రాలేదు. గాజు పళ్లాలు ఖాళీగా ఉంటున్నాయి. యంత్రం మోత రోజంతా వినబడుతోంది.

ఆమె మాత్రం ఆదివారాలు బస్సెక్కడం మొదలుపెట్టింది. తన సంతకం ఉన్న ఊళ్ల జాబితా రాసుకుంది. ఊరికిచ్చిన నకలు చూసి కూతురి చేత ఆ పద్నాలుగు పేజీలనూ మామూలు మాటల్లో రాయించింది. ఒక్కో ఊరికి వెళ్లి చదివి వినిపించడం. కొన్ని ఊళ్లలో తిట్టారు. ఒక ఊళ్లో సంచీ లాక్కుని బయటకు గెంటారు. ఇంకో ఊళ్లో, 'గింజ పోతే పోయింది, ఇప్పుడెవరు వేస్తున్నార్లే' అని నవ్వారు. ఆ నవ్వే ఎక్కువ బాధపెట్టిందని చెప్పింది నాతో.

పదకొండో ఊరికి నన్నూ తీసుకెళ్లింది. నది దాటి రెండు మైళ్లు నడక. మమ్మల్ని చూడగానే ఒక ముసలామె గుర్తుపట్టి, "అరె, మన గింజలమ్మ!" అంటూ ఎదురొచ్చింది. కుర్చీలు వేయించింది. మంచినీళ్లిచ్చింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కేకేసి పిలిచింది. వాళ్ల చిక్కుడు రకం కొత్త తెగులుకు నిలువునా పోతోందట. ఎలాగూ బ్యాంకులో ఉంది కదా, వచ్చే వారం మేమే వద్దామనుకుంటున్నాం, నువ్వే వచ్చావు అంది. హాస్టల్లో చదువుకునే పిల్లల గురించి అడిగినట్టు అడిగింది: "మా గింజలు బాగున్నాయా అమ్మా?"

గుమస్తాను అడిగి తెప్పించిన పొట్లాల్లో ఆ ఊరిదీ ఒకటి; అదెంత కురచగా ఉందో గింజలక్క చూసింది. నేనూ చూశాను.

ఆమె కుర్చీలోంచి లేచి వాళ్లతోపాటు నేల మీద కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుంది. "ముందు మీరంతా దగ్గరికి రండి" అంది. "ఇది నేను అప్పుడే చదవాల్సింది." సంచీలోంచి కాగితాలు తీసి మొదటి పేజీ మొదలుపెట్టింది. వాళ్లు ఇంకా నవ్వుమొహాలతోనే వింటున్నారు.